ఒక రోజుకు ఒకే కూర్పు

పదిహేడో దిగుమతి దగ్గర, తప్పులు పట్టే యంత్రం పరీక్షకం మళ్ళీ ఆగింది.

'తేదీ లేదు' అంది తెర. అంతకుముందు పదహారింటికీ అదే మాట అంది. హైమవతి పదహారుసార్లు చేసినట్టే ఈసారి కూడా పక్క గడిలో 'రచయిత నమ్మకస్తుడు' అని నొక్కి ముందుకు పంపింది. పరీక్షకం నోరు మూసుకుంది. యంత్రానికి పౌరుషం లేదు కాబట్టి సరిపోయింది. రోజుకు రెండు వందలసార్లు చెప్పిన మాట చెవిన పెట్టకపోతే మనిషైతే ఎప్పుడో ఉద్యోగం మానేసేవాడు.

కిటికీ కింద నీళ్ళలో పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. ఏటిగట్టు భాండాగారాన్ని స్తంభాల మీద కట్టారు. పోటు వేళ మొదటి మెట్టు మునుగుతుంది, పాటు వేళ తేలుతుంది. సముద్రం పైకి వచ్చాక డెల్టాలో మిగిలిన లంకలన్నీ సముద్రం కంటే పల్లంలోనే ఉన్నాయి. ఒక్కో లంక చుట్టూ గట్టు, గట్టుకు తూములు, తూములకు తలుపులు. ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో ఆ తలుపులే చూసుకుంటాయి. కాకపోతే వాటికి మాటలు నేర్పాలి. మట్టం అంటే ఏమిటి, పోటు అంటే ఎంత, తెరవడం అంటే ఎంతదాకా - ఆ మాటల అర్థాలన్నీ మాడ్యూళ్ళుగా రాసి ఈ భవనంలో దాచారు. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు దిగుమతి చేసుకుంటారు. మాట అర్థం మారితే కొత్త కూర్పు వదులుతారు, దాని నొసట ఆ రోజు తేదీ ఉంటుంది. ఆ రోజు గడిచాక ఆ కూర్పును ఎవరూ చెరపలేరు. చేసిన పాపం చెబితే పోతుందంటారు గాని ఇక్కడ చెప్పినా పోదు, రాసి ఉంటుంది.

దిగుమతి చేసుకునేవాళ్ళు ఫలానా తేదీ కూర్పే కావాలని రాసుకోవచ్చు. దాన్ని తేదీ కట్టడం అంటారు. తేదీ కట్టకపోతే తలుపు అన్నిటికంటే కొత్త కూర్పును తెచ్చేసుకుంటుంది, అది మంచిదో చెడ్డదో చూడదు. తేదీ కట్టి తీరాలని నిబంధనల పుస్తకం చెబుతుంది. భవనం ఆచారం మాత్రం వేరు. తోటివాడి మాడ్యూలుకు తేదీ కడితే, భోజనానికి పిలిచిన ఇంట్లో కూర వాసన చూసి తిన్నట్టు. మొహం మీదే అవమానం. అందుకని ఇక్కడ స్నేహితులు స్నేహితులకు తేదీ కట్టరు, శిష్యులు గురువులకు కట్టరు. హైమవతి మాడ్యూలు 'తూము-తలుపు'కైతే కోస్తా పొడుగునా నాలుగు వందల పన్నెండు మంది దిగుమతిదారులున్నారు. ఒక్కరూ తేదీ కట్టలేదు. ఆమె అంటే వాళ్ళకు అంత గౌరవం.

"అమ్మా హైమవతి గారూ." కూర్పుల అధికారి జోగారావు గది గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. రిటైరవడానికి ఏడాది ఉన్న మనిషి, ఎవరినీ నొప్పించకుండా ఆ ఏడాది దాటించేయాలని ఆయన తాపత్రయం. "ఇవాళ 'నీటిమట్టం' మూత కదండీ. మీ వదిన గారు వచ్చారు, కింద పడవ కట్టుకుంటున్నారు. మీకు కష్టంగా ఉంటే చెప్పండి, పరిశీలకుల సంతకం నేను ఇంకెవరి చేతైనా పెట్టిస్తాను."

"వద్దండీ. నేనే పెడతాను."

అలా ఎందుకందో ఆమెకే తెలియదు. నెల కిందట కూడా అలాగే అంది.

'నీటిమట్టం' రాసినవాడు భీమేశ్వరం, హైమవతి భర్త. అతను పోయి పన్నెండేళ్ళు. అతని మాడ్యూలును ఇప్పుడు ఏ తలుపూ వాడటంలేదు. ఆఖరి దిగుమతి హైమవతిదే. పోయిన నెల తను కూడా కొత్త మాడ్యూలుకు మారిపోయింది. దిగుమతి చేసుకునేవాళ్ళు లేని మాడ్యూలుకు కాలంచెల్లు ముద్ర వేస్తారు, కారణం రాస్తారు, ఇక ఎవరూ తెరవకుండా మూసేస్తారు. రచయిత బతికి లేకపోతే రక్తసంబంధీకులు ఒకరు, భవనం తరఫున పరిశీలకులు ఒకరు ఆ కారణం నిజమేనని ధ్రువీకరించాలి. అదే ఇవాళ్టి పని.

నూకరత్నం గుమ్మంలోనే రబ్బరు బూట్లు విడిచి, చీర కుచ్చెళ్ళు దించుకుని లోపలికి వచ్చింది. భీమేశ్వరానికి అక్క. సూరప్పలంక తూము దగ్గర కాపలాదారు. తలుపు దానంతటదే నడిచేటప్పుడు కాపలా ఎందుకంటే, ఎప్పుడైనా అది మొరాయిస్తే చక్రం పట్టుకుని చేత్తో తిప్పడానికి. ఆమె చేతిలో తడి గుడ్డ చుట్టిన మూట ఉంది.

"తేగలే. పొద్దున్నే కాల్పించాను," అని మూట బల్ల మీద పెట్టి హైమవతిని ఎగాదిగా చూసింది. "ఏంటమ్మాయ్, ఇలా చిక్కిపోయావు? ఈ మేడ మీద గాలి తిని బతుకుతున్నావా? ఆ మొహానికి కాత్త నూనె రాసుకుంటే ఎవరు కాదంటారు?"

"బాగానే ఉన్నాను వదినా. మీరెలా ఉన్నారు? అన్నయ్యగారు?"

"ఆయన్నే తలుపు కాడ కూచోబెట్టి వచ్చాను. చక్రం తిప్పమంటే ఎటు తిప్పాలో తెలీదు ఆ మానవుడికి. ఏదన్నా అయితే ఫోన్ చెయ్యమన్నాను." కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఊఁ, సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి జోగారావు గారూ. పాటు తియ్యకముందే పోవాలి నేను. లేకపోతే బురదలో పడవ ఈడ్చాల్సి వత్తది."

జోగారావు తెర ఆమె వైపు తిప్పాడు. తర్వాత, చదవాలి కాబట్టి చదివాడు, గొంతు వీలైనంత తగ్గించి.

"'అనుమతి షరతును మీరి, పరీక్షలో ఉన్న కూర్పును రచయిత నేరుగా సూరప్పలంక తలుపుకు పంపినందున పదకొండు ప్రాణాలు పోయాయి. దోషం రచయితది.'"

నూకరత్నం చేతివేళ్ళు చూసుకుంది. చక్రం తిప్పి తిప్పి కాయలు కాసిన వేళ్ళు.

"ఆఖరి ముక్క తీసేసి, పాతబడిపోయింది అని రాయకూడదాండీ?"

"అది విచారణ సంఘం రాసిన మాటమ్మా. నేను అక్షరం కదపలేను. ఒకసారి మూశాక ఇంకెవరూ కదపలేరు."

"పోన్లెండి. ఉన్న మాటేగా." తెర మీద వేలు పెట్టబోయి ఆగింది. హైమవతి వైపు తిరిగింది. "ఆ పదకొండు మంది తద్దినాలూ ఒక్క రోజే వత్తాయి హైమా. లంకంతా ఆ రోజు పొయ్యిలు వెలుగుతుంటాయి. నన్నెవరూ పిలవరు. తిట్టరు, కొట్టరు, మంచోళ్ళే. ఊరికే పిలవరు అంతే. మా ఆడికి కూడా తిథి అదే కదా? ఆ రోజు పెడితే ఆళ్ళ కళ్ళల్లో కారం కొట్టినట్టు ఉంటదని, మర్నాడు పెట్టిత్తాను. తలుపులేసుకుని. చచ్చినోడికి తిథి కూడా దొంగచాటే."

ఈ సంగతి హైమవతికి తెలియదు. పన్నెండేళ్ళలో ఆమె సూరప్పలంకకు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. భర్త పోయిన చోటుకు వెళ్ళలేకపోతోందని అందరూ జాలిపడ్డారు.

"నువ్వు బాధపడకు," అంది నూకరత్నం, ఆమె మొహం చూసి. "ఆడు చేసిన దానికి నువ్వేం చేత్తావు? తమ్ముడని వెనకేసుకు రాను నేను. తప్పు తప్పే. పెళ్ళి చేసుకున్న పాపానికి నువ్వూ, తోడబుట్టిన పాపానికి నేనూ మోత్తన్నాం." వేలు నొక్కింది. తెర మీద ఆమె పేరు పచ్చగా వెలిగింది.

ఆ కిందే ఇంకో వరస వచ్చింది. 'పరిశీలకురాలు హైమవతి: పై కారణం సత్యమేనా?'

ఇది పరీక్షకం ప్రతి మూతకూ అడిగే ప్రశ్నే. ఆమె ఈ ఉద్యోగంలో దానికి కొన్ని వందలసార్లు అవునంది, కొన్నిసార్లు కారణం చదవకుండానే. ఇవాళ చెయ్యి లేవలేదు.

ఆ రోజు సంగతి చెప్పాలంటే వాళ్ళ పెళ్ళి దగ్గర మొదలుపెట్టాలి. అప్పటికే ఇద్దరూ ఈ భవనంలో పక్కపక్క బల్లల దగ్గర కూర్చునేవారు. ఆమె 'తూము-తలుపు' అతని 'నీటిమట్టం' మీద ఆధారపడి నడిచేది. పెళ్ళైన వారం ఆఫీసుకు వస్తే తోటివాళ్ళు పట్టుకున్నారు. "ఏమ్మా, మొగుడికి కూడా తేదీ కడతావా?" అని ఒకటే ఆటపట్టించడం. హైమవతి అందరి ఎదుటా తన మాడ్యూలు తెరిచి, అతని దిగుమతి వరసలోంచి తేదీ తీసేసింది. నువ్వు ఎప్పుడు ఏ కూర్పు వదిలినా నాకు సమ్మతమే అని దాని అర్థం. భీమేశ్వరం చెవుల దాకా ఎర్రబడ్డాడు. సాయంత్రం పడవలో ఇంటికి వెళుతూ, "అంత పని చేశావేం, రేపు నేనేదైనా వెధవ కూర్పు వదిలితే?" అన్నాడు. "వదలరుగా," అంది ఆమె.

నిజంగానే వదల్లేదు, తొమ్మిదేళ్ళ పాటు. తర్వాత కాలువల్లో ఒండ్రు పేరుకుపోవడం మొదలైంది. నీటిమట్టాన్ని కాలువ అడుగు నుంచి కొలిచేవారు. ఆ అడుగే ఏటేటా పైకి లేస్తుంటే కొలతకు అర్థమేముంది? ఇకమీద సముద్రమట్టం నుంచి కొలవాలన్నాడు భీమేశ్వరం. మాట అదే, అర్థం వేరు. అది ప్రమాదమని అందరికంటే అతనికే బాగా తెలుసు. అందుకే పైవాళ్ళు అనుమతి ఇస్తూ ఒక షరతు పెట్టారు. దిగుమతి చేసుకున్న పదిమందీ ముందు పాత కూర్పుకు తేదీ కట్టుకోవాలి, ఆ తర్వాతే కొత్తది వదలాలి. తొమ్మిదిమంది ఆ వారంలోనే కట్టేశారు. మిగిలింది పెళ్ళామే.

మొదటిసారి ఇంట్లో అడిగాడు. కడతానంది. రెండోసారి ఆఫీసులో, అందరిముందూ అడిగాడు. ఆమెకు చిన్నతనం అనిపించింది. ఆ తేదీ లేని వరస ఆమెకు పుస్తె లాంటిది. తీసేయమని అతనే అడగడం ఏమిటి? పైగా రెండుసార్లు? కట్టడానికి అర నిమిషం పట్టదు, ఆమెకు కట్టబుద్ధి కాలేదు, అంతే. మూడోసారి పొద్దున్నే సూరప్పలంక నుంచి ఫోన్ చేశాడు. ముందురోజే అక్కగారింటికి వెళ్ళాడు, తూము దగ్గర ఉండి కొత్త కూర్పు వదలడానికి. "పెట్టావు కదా?" అన్నాడు. "పెట్టాను లెండి, ఎన్నిసార్లు అడుగుతారు," అని విసుక్కుని ఫోన్ కట్టేసింది. ఆఫీసుకు వెళ్ళగానే పెట్టేస్తే సరిపోతుందనుకుంది.

ఆఫీసుకు వెళ్ళాక తన మాడ్యూలులో ఏదో చిన్న దిద్దుబాటు చేసి ఆ రోజు కూర్పు వదిలింది. తేదీ సంగతి మరిచిపోయింది. అది ఏమంత గొప్ప మరపు కాదు, గ్యాసు కట్టేశామా లేదా అనుకునేంత మరపు.

తలుపులు రోజూ వంతులవారీగా కొత్త కూర్పులు తెచ్చుకుంటాయి. సూరప్పలంక తలుపు పొద్దుటి వంతులోనే కొత్త మాటలు తెచ్చుకుంది. మధ్యాహ్నం పోటు వచ్చేసరికి కాలువలో మూడు మీటర్ల నీళ్ళున్నాయి. సముద్రం నుంచి కొలిస్తే అది అర మీటరు. తలుపుకు అర మీటరు అనే వినిపించింది, అడుగు నుంచే అనుకుంది. కాలువ ఎండిపోతోందని పోటుకు ఎదురుగా బార్లా తెరుచుకుంది. పల్లంలో ఉన్న పేట పావుగంటలో మునిగింది. భీమేశ్వరం తూము మీదికి వెళ్ళి చక్రం పట్టుకున్నాడట. సగం దాకా మూశాడట కూడా. ఆ పైన నీళ్ళు పట్టుకుపోయాయి.

కబురు ఒంటిగంటన్నరకు భవనానికి చేరింది. భర్త ఏమయ్యాడో ఇంకా తెలియదు, లంక మునిగిందని మాత్రమే తెలిసింది. హైమవతి మాడ్యూలు తెరిచింది. ఆ వరస బోసిగా కనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తేదీ కట్టి మళ్ళీ వదిలింది. మూడు గంటల వంతుకు మిగతా తలుపులు తెచ్చుకున్నది ఆ రెండోదే, అందుకే అవి తెరుచుకోలేదు. భవనంలో ఒక రోజుకు ఒకే కూర్పు. ఒకే రోజు రెండుసార్లు వదిలితే రెండోది మొదటిదాన్ని మింగేస్తుంది. పొద్దుటి కూర్పు అసలు పుట్టనట్టే లెక్క. ఆ నియమం పెట్టినవాళ్ళు, ఒక మనిషి బతుకంతా ఒకే రోజు పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య ఇరుక్కుంటుందని అనుకుని ఉండరు.

విచారణ సంఘం దాఖలాలు చూసింది. పదిమందీ తేదీ కట్టే ఉన్నారు. మరి తలుపు ఎలా తెరుచుకుంది? రచయితే నేరుగా పంపి ఉండాలి. వేరే దారి లేదు. నివేదికలో ఇంకో వాక్యం కూడా రాశారు: 'శ్రీమతి హైమవతి ముందుజాగ్రత్తగా తేదీ కట్టి ఉంచడం వల్లనే మిగిలిన ముప్పై తొమ్మిది తలుపులు నిలిచాయి.' ఆ వాక్యంతోనే ఆమె మాడ్యూలు కోస్తా అంతటికీ ఆధారమైంది. ఆమె నోరు విప్పలేదు. మొదట శవం దొరకలేదని విప్పలేదు, తర్వాత దొరికిందని విప్పలేదు. తర్వాత ఆలస్యమైపోయిందని విప్పలేదు. భయం అంటే అదే మరి, ప్రతి ఏడూ కొత్త పేరు పెట్టుకుని వస్తుంది.

"అమ్మా?" అన్నాడు జోగారావు. "అవునని నొక్కాలండీ."

"ఇది నిజం కాదండీ," అంది హైమవతి.

"ఏది?"

"కారణం. ఆయన నేరుగా పంపలేదు. షరతు మీరలేదు. నేను తేదీ కట్టలేదు. కట్టానని ఆయనతో అబద్ధం చెప్పాను. ఆ మధ్యాహ్నం అంతా అయిపోయాక కట్టి మళ్ళీ వదిలాను. దాఖలాలో ఉన్నది రెండోది."

జోగారావు కుర్చీలో కూలబడ్డాడు. నూకరత్నం మాత్రం కదల్లేదు. చెయ్యి చాచి మరదలి చెయ్యి పట్టుకుంది.

"వద్దు హైమా. ఆడి కోసం నీ మీద ఏసుకోకు."

"నేను వేసుకోవడం కాదు వదినా..."

"నాకు తెలుసు. నేను తద్దినం మాట ఎత్తాను, నీకు కడుపు తరుక్కుపోయింది. నాది తప్పు. ఆ మాట నీకాడ అనకుండా ఉండాల్సింది. పోయినోడి పేరు కడగడానికి ఉన్నదానివి నువ్వు మట్టి పూసుకుంటావా? ఆడే ఉంటే ఒప్పుకుంటాడా?"

"అవునమ్మా," అన్నాడు జోగారావు, ఊపిరి అందినట్టు. "మీ మనసు మాకు తెలియదా. కాసేపు అలా బయట కూర్చోండి. మంచినీళ్ళు తెప్పిస్తాను."

హైమవతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పన్నెండేళ్ళు ఈ మాట బయటపడితే ఏమవుతుందోనని నిద్రలేకుండా బతికింది. తీరా చెబితే వీళ్ళు నమ్మటంలేదు. మీదుమిక్కిలి మెచ్చుకుంటున్నారు. తిడతారని భయపడింది గాని, ఇలా నెత్తిన పెట్టుకుంటారని ఎన్నడూ అనుకోలేదు. ఆమెకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు చూసి నూకరత్నం ఆమె చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆమె చెయ్యి విడిపించుకుని, తెర తన వైపు లాక్కుంది. 'సత్యమేనా' అన్న దాని కింద 'కాదు' నొక్కింది. తర్వాత తన సొంత మాడ్యూలు తెరిచింది. ఈ భవనంలో ఇంకొకరి మాడ్యూలులో తప్పుందంటే సవాలక్ష సాక్ష్యాలు అడుగుతారు. ఎవరిది వాళ్ళే తప్పని ఒప్పుకుంటే మాత్రం పరీక్షకం సాక్ష్యం అడగదు. తన తప్పు తాను ఒప్పుకునేవాళ్ళు ఉంటారని నమ్మి ఎవరో ఎప్పుడో ఆ నియమం పెట్టారు. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ వాడలేదు.

జోగారావుకు ఆమె ఏం చేయబోతోందో అర్థమైంది. లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఆగండి! మీ మాడ్యూలుకు దోషం అని రాస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ ఆగిపోతాయి. నాలుగు వందల పన్నెండు లంకల తలుపులండీ!"

"ఇవాళ అష్టమి. పోటు మోకాలు దాటదు. వారం దాకా పెద్ద పోటు లేదు. చక్రాలు చేత్తో తిప్పుకోవచ్చు."

"తిప్పడానికి మనుషులేరండీ? అయినా ఎందుకు? పన్నెండేళ్ళ తర్వాత? పోయినాయన తిరిగి రాడు కదమ్మా."

"ఆ నాలుగు వందల పన్నెండింటిలో ఒక్కదానికీ తేదీ లేదు జోగారావు గారూ. నా మీద నమ్మకంతో కట్టలేదు. రోజూ పరీక్షకం చెబుతూనే ఉంది, నేను నొక్కి పంపించేస్తూనే ఉన్నాను. రేపు నేనొక పొరపాటు కూర్పు వదిలితే అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. నేను నమ్మదగిన మనిషిని కానని వాళ్ళకు తెలియాలి కదండీ."

రాసింది. పెద్దగా ఏమీ లేదు, మూడు వాక్యాలు. ఆ రోజు రెండుసార్లు వదిలానని, మొదటిదానిలో తేదీ లేదని, ఉందని భర్తకు అబద్ధం చెప్పానని. ఈ రోజు తేదీతో వదిలింది.

మొదట ఏమీ జరగలేదు. తర్వాత హాలులో ఉన్న పెద్ద తెర మీద, ఉత్తరం కొస నుంచి ఒక్కొక్క లంక పేరూ ఎర్రబడటం మొదలైంది. హాలులో ఎవరో కేక వేశారు. జోగారావు చెప్పులు లేకుండానే పరుగెత్తాడు. "ఫోన్లు చెయ్యండి! అందరినీ చక్రాల దగ్గరికి పొమ్మనండి!" అని అరుస్తున్నాడు. నొప్పించకుండా దాటించాలనుకున్న ఏడాది ఆయనకు అలా ముగిసింది.

నూకరత్నం ఇంకా కుర్చీలోనే ఉంది. ఆమె తెర చూడలేదు. హైమవతి మొహమే చూస్తోంది.

"ఫోన్లో చెప్పావా? ఆడితో?" అంది.

"ఫోన్లోనే. పొద్దున్నే చేశారు. మీ ఇంటి నుంచి."

"ఎన్నింటికి?"

"ఎనిమిది కాలేదు. మూడోసారి అడిగారని విసుక్కున్నాను."

నూకరత్నం పెదాలు కదిలాయి.

"చద్దన్నం తింటన్నాడు. ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని. నేను పక్కన కూచుని ఉల్లిపాయ కోత్తన్నాను." ఆమె ఎటో చూస్తూ మాట్లాడింది. "'సరే అయితే, నీ మాట మీదే వదిలేత్తన్నాను' అన్నాడు. ఫోన్ పెట్టేసి, 'కోపం వచ్చింది దానికి' అని నవ్వాడు. ఏంటిరా అంటే, ఏం లేదులే అక్కా అన్నాడు. కంచంలో చెయ్యి కడిగేసుకుని తూము కాడికి పోయాడు. అదే ఆఖరు. ఆ మాట ఇన్నేళ్ళు నా చెవుల్లో ఉంది, దేని గురించో తెలీకుండా."

హైమవతికి ఆ మాట తెలియదు. ఆమె అప్పటికే ఫోన్ కట్టేసింది. అతను కట్టేసిన ఫోన్లోకి అన్నాడు ఆ మాట. కోపం వచ్చిందని తెలిసి కూడా నవ్వుకున్నాడు. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"వదినా, నన్ను..."

"మాట్లాడకు." నూకరత్నం గొంతు పెద్దది కాలేదు, గట్టిపడింది. "నువ్వు ఒక్క మాట కూడా మాట్లాడకు. ఆణ్ణి తిట్టని రోజు లేదు నాకు. రోజూ తెల్లారి ఆ తలుపు కడుగుతూ తిట్టేదాన్ని. పదకొండు మందిని తిన్నావు కదరా అని. తద్దినం రోజు పిండం పెట్టి మరీ తిట్టేదాన్ని." కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "ఆ తిట్లన్నీ ఇప్పుడు నేను ఎక్కడికి పోయి వెనక్కి తీసుకోవాలి? ఎవరికి చెప్పుకోవాలి, తప్పయిపోయింది తమ్ముడూ అని?"

ఆమె నడుముకున్న ఫోన్ మోగింది. తీసింది. అవతల ఆమె భర్త గాభరాగా ఏదో చెబుతున్నాడు, తలుపు ఆగిపోయిందని, ఎర్ర దీపం వెలిగిందని. "వత్తన్నాను. చక్రం జోలికి పోకు, నేను వచ్చాక తిప్పుతాను," అని కట్టేసింది. లేచి గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంది.

"నేను కూడా వస్తాను వదినా. లంకలో అందరికీ నేనే చెబుతాను."

నూకరత్నం ఆగింది. వెనక్కి తిరగలేదు.

"రా. ఇవాళ కాదు. ఇవాళ నేను ఆడితో మాట్లాడుకోవాలి. నీ సంగతి తరవాత చూద్దాం."

మెట్లు దిగుతున్న బూట్ల చప్పుడు వినిపించింది. ఆ తర్వాత పడవ ఇంజను తిరిగిన చప్పుడు. హాలులో అందరూ ఒకేసారి ఫోన్లలో అరుస్తున్నారు. ఏ లంకలో చక్రం తుప్పుపట్టిందో, ఏ లంకలో తిప్పే మనిషే లేడో ఒకరి మీద ఒకరు చెబుతున్నారు. ఒక్కరు కూడా హైమవతి గదివైపు రాలేదు.

ఆమె ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఏడ్చినదంతా భయంతోనే ఏడ్చింది. భీమేశ్వరం కోసం ఏడవడం ఇదే మొదలు.

కాసేపటికి తెర మీద 'నీటిమట్టం' మూత ఆగిపోయినట్టు వచ్చింది. కారణం అబద్ధమని తేలింది కాబట్టి మాడ్యూలు మళ్ళీ చలామణిలో ఉన్నట్టే. దిగుమతిదారు తప్పు ఒప్పుకున్నారు కాబట్టి, దిగుమతి అయినదాని రచయిత చూసి సరేనంటే తప్ప తలుపులు తిరిగి నడవకూడదు. అది నియమం. పరీక్షకానికి చావుబతుకులు తెలియవు. మాడ్యూలులో రచయిత పేరు ఎదురుగా ఉన్న చిరునామాకు దానంతటదే కబురు పంపేసింది.

'రచయిత భీమేశ్వరం గారి జవాబు కోసం నాలుగు వందల పన్నెండు తలుపులు వేచి ఉన్నాయి.'

హైమవతి ఆ వరస చదివింది. తెర కట్టేయకుండా దాని ఎదురుగానే కూర్చుంది.